అడిగితేనే రుమాలు

సెతూబల్ రేవులో ఆరోగ్య కేంద్రం వెనక గది.
ఒకప్పుడు సార్డీన్ డబ్బాలకు మూతలు బిగించిన చోటట,
వాన పడితే గోడలు ఇప్పటికీ నీచు కొడతాయి.
తొమ్మిది కుర్చీలు. ఒకదానికి కాలు కురచ.
ఆలస్యంగా వచ్చినవాడికి అదే దక్కుతుంది.
ఏడు మంగళవారాలు కావాలనే ఆలస్యంగా వెళ్ళాను,
కుర్చీ ఊగుతుంటే చేతుల వణుకు
ఎవరి కంటా పడదని.

డాక్టర్ గ్రసిందా పెట్టిన నియమం ఒక్కటే:
ఎవరైనా ఏడుస్తుంటే రుమాలు అందించకండి.
అడిగితేనే ఇవ్వండి.
అడగకుండా ఇస్తే
ఇక చాల్లే, తుడుచుకో అన్నట్టే.

రాతిగుండె మనిషి అనుకున్నాను.
పదహారేళ్ళు ఏటి మీద ఫెర్రీ నడిపినవాణ్ణి,
మునిగేవాడికి తాడు వెయ్యొద్దంటే ఎట్లా?

ఫిర్మీను వడ్రంగి. తాగని రోజుల్ని
మణికట్టు మీద పెన్సిలు గీతలుగా గీసుకుంటాడు.
దెయొలిందా తాళం లాగి లాగి చూసి
రెండు బస్సులు పోగొట్టుకుని మూడోది ఎక్కుతుంది.
వీళ్ళకీ నాకూ ఏం పొత్తు?
ఎవరి పంటినొప్పి వాళ్ళది కదా.

ఎనిమిదో వారం జుల్మీరా అంది:
"తమ్ముడు ఫోన్ చేశాడు. గిన్నెలు తోముతున్నా.
చేతులు తడి. తర్వాత మాట్లాడొచ్చులే అనుకున్నా."
కాసేపాగి,
"ఆ తడి ఇంకా ఆరలేదు."

నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.
"రెయిలింగ్ దగ్గర ఆ కుర్రాణ్ణి చూశాను.
టోపీ సర్దుకుంటున్నాడనుకున్నా.
ఇంజను ఆపలేదు."

నీ తప్పు కాదని మా ఆవిడ చెప్పింది,
చర్చిలో పాద్రీ చెప్పాడు,
కంపెనీ అయితే స్టాంపు వేసి మరీ చెప్పింది.
చెప్పిన ప్రతిసారీ ఒక తలుపు మూసుకుంది.
ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదు.
దెయొలిందా మాత్రం మెల్లగా అడిగింది:
"టోపీ ఏ రంగు?"

నాలుగేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.
పసుపు, అన్నాను.
పసుపు, అని మళ్ళీ అన్నాను.
ఇక మాట రాలేదు.

గది మధ్యలో నేల మీద కాగితం రుమాళ్ళ డబ్బా
లంగరు వేసిన పడవలా కదలకుండా ఉంది.
ఫిర్మీను చెయ్యి దాని దాకా వెళ్ళి
వెనక్కి వచ్చేసింది.
వెనక్కి వెళ్ళిన ఆ చెయ్యి పట్టుకున్నంత గట్టిగా
నన్ను ఏ చెయ్యీ పట్టుకోలేదు.

బాగైపోయానా? లేదు.
స్టీరింగ్ ఇంకా ముట్టుకోలేదు.
టికెట్టు కొనుక్కుని, పై డెక్కు మీద నిలబడి
అవతలి ఒడ్డుకు వెళ్ళి వస్తున్నాను, అంతే.
ఫిర్మీను మూడు వారాలు మాయమై
గీతలన్నీ చెరిగిన మణికట్టుతో వచ్చాడు.
జుల్మీరా అతని మీద అరిచింది.
తర్వాత తన పెన్సిలే తీసి ఇచ్చింది.

నిన్న ఒక కొత్త కుర్రాడు.
నేను ముందే వెళ్ళి
కురచ కాలు కుర్చీలో కూర్చున్నాను.
వాడు పేరు కూడా చెప్పలేక ఏడ్చాడు.
డబ్బా నా కాలి దగ్గరే ఉంది.
చెయ్యి తొడ కింద పెట్టుకుని
వాడి వైపే చూస్తూ ఉన్నాను.