పోగా మిగిలేది

టైర్ల షాపు బిల్లు వెనక
తొమ్మిది ఇంజనీరింగ్ కాలేజీలు రాసింది మా హాలీనా.
పైన రెండు: వస్తే వచ్చినట్టు.
మధ్యలో అయిదు: మార్కులు సరిపోతాయట.
అడుగున మా ఊరిదే,
ఇరవై ఆరో నంబరు బస్సు పోయేది.
ఎనిమిదే అయ్యాయి.
తొమ్మిదోది, రాసి చెరిపిన మరక.

ఈరీలో మంచు తోసే లారీ నాది.
మంచు పడిన రాత్రే నాకు ఓవర్‌టైమ్.
ఒక్కో ఫీజునీ రాత్రుల్లోకి మార్చుకున్నాను:
దరఖాస్తుకే సగం రాత్రి,
హాస్టలుకి మూడు చలికాలాలు.
"బోర్డు మీది ధర కాదు నాన్నా,
స్కాలర్‌షిప్ పోగా మిగిలేది చూడు" అంది.
పాత కారు బేరంలో
నేను నేర్పిన మాటే, కాస్త మార్చి.

తను పడుకున్నాక
బిల్లుని దీపానికి అడ్డం పెట్టాను.
పెన్సిలు పోయింది గానీ నొక్కు పోలేదు.
ఓడలు కట్టడం నేర్పే చోటు.

నా జీతం, ఇంటి అప్పు, అన్నీ కొట్టాను.
తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను.
మా ఊరి కాలేజీ కన్నా
నాలుగు వందల డాలర్లు తక్కువ.

ఆ మరక మీదే
పెన్నుతో రాశాను.

బయట నవంబరు వాన,
ఇంకా మంచు కాలేదు.