నాలుగు మిల్లీమీటర్లు

మా పనిలో నోటిమాట చెల్లదు, కంటిచూపు చెల్లదు.
వెర్నియర్ ఏం చెబితే అదే.
అందుకే రోజూ పొద్దున్న దాన్ని పెట్టెలోంచి తీసి
నా చేతినే కొలుచుకుంటాను:
పిడికిలి బిగించబోతే
చూపుడువేలి కొనకీ అరచేతికీ మధ్య మిగిలే ఖాళీ.

నిరుడు శ్రావణంలో ఇరవై రెండు మిల్లీమీటర్లు.

అప్పుడు చొక్కా గుండీలు నూకరత్నం పెట్టేది.
కొత్త గాజువాక జంక్షన్లో బస్సెక్కి
కడ్డీకి మోచెయ్యి మెలేసి వేలాడేవాణ్ణి.
ఆటోనగర్లో షట్టరు ఎనిమిదిన్నరకి లేస్తుంది.
నా వేళ్ళు పదింటికి లేచేవి.
ఆ గంటన్నర ఎక్కడ దాచాలో తెలీక
చీపురు చంకలో ఇరికించి ఇనప పొట్టు ఊడ్చేవాణ్ణి.

చక్ కీ మాత్రం తిరిగేది కాదు.
హెల్పరు చిన్నంనాయుడు, పందొమ్మిదేళ్ళవాడు,
ఓనరు ఫోనులో ఉండగా చూసి
చటుక్కున వచ్చి బిగించి పోయేవాడు.
“ఎవలికీ సెప్పన్లే మామా.”
సాయంత్రం టీ, రెండు బజ్జీలు నా ఖాతాలో.

రోజుకి అరవై బుష్షులు తీసిన చెయ్యి
పదకొండుకి పడిపోయింది.
“ఏటయిందోయ్” అన్నారు కాండ్రేగుల సూర్రావు గారు.
వానకి పట్టేసిందండి, అన్నాను.
వాన మాత్రం ఎన్నాళ్ళని నన్ను కాస్తుంది?

కేజీహెచ్ డౌను పేరుకే డౌను,
మోకాళ్ళకి అది ఎక్కుడే.
చిన్న వయసు డాక్టరమ్మ ఒక్కో కణుపూ నొక్కి చూసింది,
జామకాయ దోరగా ఉందో లేదో చూసినట్టు.
“నొప్పి పదికి ఎంత?”
పదికి తెలీదమ్మా, అరవైకి తెలుసు.
అరవైకి పదకొండు.
రాసుకుందో లేదో చూడలేదు.

పసుపుపచ్చ మాత్రలు ఆరు, వారానికి ఒక్కసారి.
రోజూ కాదు, పొరపాటున కూడా కాదు, అని
గీత కింద గీత గీసింది.
ఏ వారమమ్మా అంటే మీ ఇష్టం అంది.
శనివారం రాత్రి నా ఇష్టం.
అలాగైతే వాంతులు నా సొంత రోజున అవుతాయి,
ఓనరు టైములో కాదు.
ఆదివారం కోడికూర పొంగుతుంటే నేను వీధిలో నిలబడేవాణ్ణి.
పిల్లలు బీచి అంటే వచ్చే వారం అన్నాను.
వచ్చే వారమూ అదే అన్నాను.
నెలకోసారి లివరు పరీక్ష, సగం రోజు కోత.
మందు ఉచితం.
మందు తెచ్చుకోడమే ఉచితం కాదు.

మూడో నెలలో, ఒక మంగళవారం, అన్నాల వేళ
చక్ కీ తిరిగింది.
ఎవరూ లేరు. వదులు చేసి మళ్ళీ తిప్పాను.
మళ్ళీ తిరిగింది.

కాకపోతే ఆ లేతు అప్పటికి నాది కాదు.
నా చేతులు పడుకున్న నెలల్లో
చిన్నంనాయుడు చేతులు పని నేర్చుకున్నాయి.
వాడి తప్పేం లేదు, టీ పోయించినవాణ్ణి నేనే.
నన్ను తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు,
జీతంలో రెండువేల ఎనిమిదొందలు తగ్గించి.
“కూర్సునే పనే గదా” అన్నారు సూర్రావు గారు, దయగానే.

ఇప్పుడు వాడు తీసినవి నేను కొలుస్తాను.
మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా ఉన్నా
పక్కన పడేస్తాను.
ఇవాళ పొద్దున్న నా చెయ్యి నాలుగు మిల్లీమీటర్లు.
ఆ అంకెకి డాక్టరమ్మ మొన్న ఎంత సంతోషపడిందో!
మా దగ్గర నాలుగంటే తుక్కు.
నన్ను ఏ బుట్టలో వెయ్యాలో
ఇంకా తేల్చుకోలేదు.

మధ్యాహ్నం చిన్నంనాయుడు కేకేశాడు:
“మామా, సెమటకి జారిపోతంది, ఓపాలి బిగించీవా.”
వెళ్ళి బిగించాను.
నిజంగా చెమటేనా అని అడగలేదు.
సాయంత్రం బజ్జీల డబ్బులు వాడే ఇచ్చాడు.

ఇంటికొచ్చి పసుపుపచ్చవి ఆరూ
అరచేతిలో పోసుకుని వేళ్ళు మూశాను.
ఆ సందులోంచి ఒకటి జారి
మంచం కిందికి దొర్లింది.
నూకరత్నం ఫోను లైటు వేసి వెతికింది,
చీరచెంగుతో తుడిచి ఇచ్చింది.

రేపు ఆదివారం.