కింది గది

బాడిగ ఎంతని అడిగితే
సుంకన్న ముందు గోడ చూపించాడు.
మూడుసార్లు సున్నం కొట్టినా పోని గీత,
నా తలకు జానెడు పైన,
టీ మరక రంగులో.
"చెప్పకుండా ఇచ్చినాడని అనొద్దమ్మా,
నీళ్ళు ఈడిదాకా వచ్చింటాయి."

నాకు తెలుసు.
పక్క సందులోనే మా కొట్టు.
ఎండాకాలం గేదె మోకాలు కూడా తడవని హంద్రి
ఆ అక్టోబరు రాత్రి
తుంగభద్రను వెంటేసుకొని
మా గడప దాటింది.

అబ్బా అట్టలు కట్టి ఇవ్వాల్సినవి
నలభై రెండు ఉన్నాయి ఆ రోజు.
ఉల్లిమండీ పద్దుల పుస్తకాలు,
బడి హాజరుపట్టీలు,
ఒక ఆచారిగారి మూలికల నోటుబుక్కు,
ఎవరి తాతదో అంచులు రాలిన ఖురాన్.
నీళ్ళు తీసినాక చూస్తే
నానిన రొట్టెల్లా ఉబ్బి
ఒకదాన్నొకటి కరుచుకొని
అప్పు ఎవరిదో, ప్రార్థన ఎవరిదో
విడదీయరాకుండా ఉన్నాయి.
అబ్బా ఇంటింటికీ పోయి మాఫీ అడిగాడు.
మళ్ళీ దబ్బనం ముట్టలేదు.

నేను ఎత్తులు వెతుక్కున్నాను.
రెండో మిద్దె మీద ఇల్లు.
మూడో మిద్దె మీద ఉద్యోగం,
రక్తపరీక్షలకు రశీదులు కొట్టడం.
ఆధారు కార్డు, పది పాసైన కాగితం
మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద.
సంబంధం వస్తే
పిల్లవాడి జీతం అడగలేదు,
వాళ్ళ ఇల్లు ఏటికి ఎంత దూరమని అడిగాను.
పొద్దున మెట్లు లెక్కపెట్టేదాన్ని: ముప్పై ఎనిమిది.
కింద ఏమైనా కానీ,
ముప్పై ఎనిమిది మెట్ల పైన
నాకేమీ కాదు.
పన్నెండేళ్ళు.
నాకేమీ కాలేదు.
నేనూ
ఏమీ కాలేదు.

మొన్న వేసవిలో
ఆదోని నుంచి మాదన్న అని ఒక పెద్దాయన,
గుడ్డసంచిలో పెళ్ళాం రిపోర్టులు కుక్కుకొని వచ్చాడు.
"ఇవి ఏ నెలవయ్యా?" అని డాక్టరు విసుక్కుంటే
కాగితాలన్నీ నా కౌంటరు మీద పోసి నిలబడ్డాడు.
అన్నం వేళ అది.
నా చేతులు నన్ను అడగలేదు.
తేదీల వరుసన పేర్చాయి,
మూడు చిల్లులు పొడిచాయి,
ఎవరి సంచిలోదో సూదీ దారమూ తెచ్చి
వీపు బిగించి కుట్టాయి.
ఆయన అటూ ఇటూ తిప్పి
"బుక్కు మాదిరి అయిందే!" అన్నాడు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
వాన లేదు, హోరు లేదు.
వేళ్ళ చివర దురద, అంతే.

అబ్బాకు చెప్పడానికి ఇంకో నెల పట్టింది.
"నీళ్ళు మళ్ళీ వస్తాయా అబ్బా?"
"రావని నేనెట్ల చెప్తా?"
చాలాసేపు మంచం పట్టె గీకుతూ కూర్చున్నాడు.
"కోత కత్తికి తుప్పు పట్టింటాది.
కిరసనాయిలు పూసి రెండు దినాలు పెట్టు."

సుంకన్నకు అడ్వాన్సు ఇచ్చాను.
మేనేజరు నా రాజీనామా రెండుసార్లు చదివి
"బైండింగా? ఈ కాలంలోనా? తాహెరా, ఆలోచించుకో" అన్నాడు.
పన్నెండేళ్ళు చేసింది అదే సార్, అనలేదు.
మెట్లు దిగాను. ఆ రోజు లెక్క తప్పింది.

భయం పోయిందని కాదు.
ఊరి పుస్తకాలు పెట్టే అరలు
ఆ గీతకు పైన కొట్టించాను.
భయానికి నేను కట్టే బాడిగ
అంతవరకే.
నా పీట, మైదాగంజి గిన్నె,
అందులో కలిపిన మైలుతుత్తం చిటికెడు నీలం,
మైనం పూసిన దారం,
నేను,
గీతకు కిందే.

ఈ సాయంత్రం
మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి.
వంతెన దాకా పోయి ఏరు చూసి రావాలని
కాళ్ళు లాగుతున్నాయి.
చేతిలో బడి హాజరుపట్టీ, పదహారో దస్తా.
ముడి వేయకుండా లేస్తే
మొదటినుంచీ వదులైపోతుంది.
ముడి వేశాను.
వాకిట్లో వాన కొంచెం పెరిగింది.
పదిహేడోది అందుకున్నాను.