పద్నాలుగో నంబర్ రూం కోటు

మనామాల చర్చి వెనుక సందుల
శుక్రవారం పొద్దున మూడు గంటలే తెరుస్తరు ఆ దుకాణం.
ఎవరో ఇడిచిన బట్టలు,
ఎవరో తాగి కడిగిచ్చిన కప్పులు,
ఒక పక్కనే మోగే స్పీకర్లు,
ఎవరి పెండ్లికో చదివిచ్చిన గోడగడియారం,
పేర్లు బ్లేడుతో గీకేసి ఉన్నయి.

నేను పోయింది బకెటు కోసం.
బకెటు లేదు. కోటు ఉన్నది.

నలుపు కాదు, నీలం కాదు,
వాన పడేముందు మబ్బుకుండే రంగు.
ఆ రంగు చూసి ఎన్ని నెలలైందో.

బయట నలభై నాలుగు డిగ్రీలు.
లింబాద్రి నా మొఖం దిక్కు చూసిండు, ఎండ తలకెక్కిందా అన్నట్టు.
రాజలింగం కోటు దిక్కు చూసిండు.
సిరిసిల్లల మగ్గం అమ్ముకొని వచ్చినోడు.
అంచును రెండు వేళ్ళ నడుమ పట్టి,
నాడి చూసినట్టు చూసి
"ఉన్ని. కల్తీ లేదు. గుండీ ఒకటి పోయింది" అన్నడు.

గల్లాపెట్టె కాడ ఫిలోమినమ్మ,
గోవా ఆమె, జీతం లేకుండ కూసుంటది,
రెండు దినార్లన్నది.
గుండీ పోయిన జాగ చూపిచ్చినం.
ఒకటిన్నర.
తలా రెండువందల యాభై ఫిల్సు, ఆరుగురం.
రూంల ఇంకో ఇద్దరు మమ్మల్ని చూసి నవ్విన్రు,
నెల తిరగకముందే వాళ్ళూ అడుక్కొని తొడుక్కున్నరు.

ముందు లింబాద్రి, లైసెన్సు ఫొటోకు.
కింద లుంగీ. ఫొటోల లుంగీ రాదు కద.

తర్వాత ఇర్ఫాన్.
మెట్‌పల్లి నుంచి పిల్లవాళ్ళు వీడియో కాల్ల చూస్తమన్నరు.
ఏసీ లేని వరండాల ఇరవై నిమిషాలు
చెమట మింగుకుంట నవ్వుకుంట కూసున్నడు.
పిలగాడు మంచి హోదాల ఉన్నడన్నరట అవతల.
అబద్ధమేం కాదు,
పదమూడో అంతస్తు మీద పరంజి కట్టేటోని కంటే
ఎత్తున ఎవరుంటరు.

బుచ్చన్న నాలుగు నెలల జీతం కోసం
కంపెనీ మీద కేసుకు తొడుక్కపోయిండు.
కోటు చూసి గుమాస్తా కుర్చీ చూపిచ్చిండట.
జీతం రాలె.
"కూసున్న గద" అన్నడు, వచ్చి మంచమెక్కి.

నా వంతు వచ్చిన నాడు నాకే పనీ లేదు.
ఊరికే తొడుక్కున్న.
లోపలి జేబుల చెయ్యి పెడితే చిన్న చీటీ.
పండ్ల డాక్టరు దగ్గరికి రమ్మని,
మూడేండ్ల కిందటి మంగళవారం, సాయంత్రం అయిదున్నర.
పేరు చెరిగిపోయింది.
పోయిండో లేదో.
ఆ రాత్రి ముక్కుమొఖం తెల్వని మనిషి
పంటినొప్పి గురించి సోచాయించుకుంట పండుకున్న.
చీటీ పారెయ్య బుద్ధి కాలె, మళ్ళ అండ్లనే పెట్టిన.

మార్చిల కంపెనీ క్యాంపు మూసింది.
ఇద్దరు దమ్మాం, ఒకడు ఇంటికి,
మిగిలినోళ్ళం చెరో దిక్కు.
కోటు ఎవలదో తెగలె.
రాజలింగం కత్తెర తీసి ఆరు ముక్కలు చేద్దునా అన్నడు,
తర్వాత అదే కత్తెరతో దారం తెంపి
పోయిన గుండీ జాగల కొత్తది కుట్టిండు.
ఇస్త్రీ చేయించి తీస్కపోయినం.

ఫిలోమినమ్మ పెద్ద రిజిస్టర్ తెరిచింది.
"దాత పేరు?"

ఆ మాట నేను చదివింది
మా ఊరి బడి గోడ మీద, బోరింగు గద్దె మీద.
ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
పద్నాలుగో నంబర్ రూం, సల్మాబాద్ అని రాసుకోమన్నం.
రాసుకున్నది. సంతకం అడిగింది.
ముగ్గురం పెట్టినం, గీత దాటి పోయింది.

కోటు తిప్పి చూసి, గుండీలు లెక్కపెట్టి
కొత్త చీటీ గుచ్చింది: మూడు దినార్లు.
లింబాద్రి గుడ్లు తేలేసిండు.
"గుండీ నాది" అన్నడు రాజలింగం, మెల్లగ.

పొయ్యేటప్పుడు బకెటున్నదా అని అడిగిన.
ఉన్నదట. ఎర్రది.
పిడి లేదు, నాలుగువందల ఫిల్సు.

మూడువందలకు అడుగుతున్న.