నాలుగు డిగ్రీల కావలి

వి.కోట దాటి సరిహద్దుకు పోయే దోవలో
పాలకేంద్రం రేకుల మీద
అయస్కాంతం పాదమున్న యాంటెన్నా నిలబెట్టినాను.
నిలబడీ నిలబడకనే అది
పక్క రాష్ట్రం టవర్ని పట్టుకుని
తమిళంలో ఒక వణక్కం పంపింది.
జానెడు జరిపితే కన్నడం.
వళ్ళెమ్మ నవ్వింది:
"మా దూడలూ అంతే సామీ,
గట్టు తెలీదు వాటికి."

మన టవర్ పేరు చెప్పి కట్టేసినాను.
రెండు గీతలొచ్చినాయి. చాలు.
కింద తొట్టిలో ఎనిమిది వందల లీటర్ల పాలు
చీకట్లో మెల్లగా తిరుగుతా ఉండాయి,
నాలుగు డిగ్రీల కాడ.
ఆ నాలుగు అనే మాటని
పావుగంటకోసారి చిత్తూరుకి మోసుకుపోవడమే
పోయినవారం డిల్లీబాబు బిగించిపోయిన
ఈ డబ్బా పని.

తెరిచి రాత్రి చిట్టా చూసినాను.
రెండుగంటల పదకొండు నిమిషాలకి మొదలు,
కోడి కూసేదాకా
నాలుగు వందల సార్లు తలుపు తట్టినారు.
అడ్మిన్. అడ్మిన్.
ఒకటి రెండు మూడు నాలుగు.
మళ్ళీ అడ్మిన్.

"దొంగలా?"
"మనుషులు కాదక్కా, ఎవురో రాసి వదిలిన వెతుకులాటలు.
ప్రతి వాకిలీ లాగి చూసి పోతాయి."
"పాలు తాగేదానికా?"
"పధ్నాలుగుని నాలుగని చెప్పించేదానికి."

ఆమె మళ్ళీ మాట్లాడలేదు.
పోయిన ఎండాకాలం కరెంటు లేక
కాలవలో పోసిన పాలు గుర్తొచ్చినట్టుండాయి.
మూడురోజులు చీమలు పోలేదంట.

వాడని వాకిళ్ళన్నీ మూసినాను.
చిత్తూరు ఆఫీసుకి మాత్రం ఒక సొరంగం,
లోపలి మాట బయటికి పొక్కనిది.
మిగిలింది తాళం.
పాత తాళం తొట్టి మూత మీదే ఉండాది,
నల్ల మార్కరుతో, డిల్లీబాబు దస్తూరీలో,
పాలు పోసే ప్రతివాడికీ కనపడేటట్టు.
వళ్ళెమ్మ సోడాపొడి చల్లి
అరిగేదాకా రుద్దింది.

కొత్తది రాసుకుందామని పుస్తకం తీస్తే,
"నువ్వు రాసుకుంటే
నీ పుస్తకాన్ని ఎవురు కాస్తారు?"
నా చేతిలో ఫోను తీసుకుని
గోడ వైపు తిరిగింది.
ఒక్క వేలు. తడి వేలు.
ఒక్కో అక్షరానికీ ఒక దూడని విప్పినంతసేపు.
తెర మీద చుక్కలు మాత్రమే నడిచినాయి.

ఫారంలో గడి ఖాళీగా పెట్టకూడదు మా కంపెనీలో.
రాసినాను:
పాస్‌వర్డ్ వళ్ళెమ్మ కాడ ఉండాది.

పలమనేరులో టీ తాగతా ఉంటే ఫోను గుర్రుమంది.
నాలుగు పాయింట్ ఒకటి. బాగుంది.
కానీ ఆ చుక్కలు పద్నాలుగు,
ఎంచినాను గదా.
ఆవుల పేర్లా? ఐదే ఉండాయి ఆమెకి.
పుట్టినూరా?
ఈనిన తేదీలా?
గ్లాసు చల్లారిపోయింది.
ఎప్పుడు మొదలుపెట్టినానో ఏమో,
నేను గూడా తట్టి చూస్తా ఉండాను.