ఎత్తు పడ్డ చెలక

కొత్త మండలం గీసిననాడు
గుట్ట అవతలికి పోయింది.
గుట్ట మీది నర్సింహస్వామి, మెట్లు, కోతులు,
కొబ్బరికాయల దుకాణం, అన్నీ అటే.
మాకు మిగిలినయి
కల్వకుర్తి తొవ్వల ఇరవై మూడు ఊర్లు,
కిరాయి ఇంట్ల తాసిల్ ఆఫీసు.

మరి ఇప్పుడు మన నెత్తి యాడుంది?
అడిగింది నేనే. అడగమని ఎవరూ చెప్పలే.
కొందరు పాత పైసలు జమ చేస్తరు,
నేను ఎత్తులు జమ చేస్త.
ఎక్కిన ప్రతిదానికి నోటుబుక్కుల ఒక గీత.

ఖాజా సాబ్ ముప్పై ఒక్క ఏండ్లు సర్వే గొలుసు మోసినోడు.
రిటైరయినా నడకల ఇంకా లింకులు లెక్కబెడుతడు.
నక్ష మీద వేలు ఆనిచ్చి
"ఇదరీచ్" అన్నడు, "ఆరు వందల పదకొండు."
వేలు తీసి చూస్తె
ఆడ పేరు లేదు.
సర్వే నంబరుంది.

ఎక్సెల్ బండి మీద పోయినం.
తారు అయిపోయింది, మొరం అయిపోయింది,
ఎడ్లబాట అయిపోయింది.
ఎక్కుతున్నట్టు యాడా అనిపియ్యలే.
దమ్ము రాలే, మోకాళ్లు గుంజలే.
నా పెయ్యికి తెలవకుంటనే
నేను అందరికంటె పైకొచ్చిన.

శిఖరమంటె ఇదీ:
కంది కోసినంక మిగిలిన కొయ్యకాళ్లు,
ఒక సీతాఫలం పొద,
పొద కింద సగం పూడిన సర్వే రాయి,
రాయి మీద కొడవండ్లు నూరిన నునుపు.
సాబ్ ఒంగి దస్తీ తీసి తుడిచిండు.
"దీన్ని పాతిననాడు నాకు జరం ఉండె" అన్నడు,
రాయితోటే అన్నట్టు.

కందికట్టె మోపు కడుతున్న ఈదమ్మ
మమ్ముల బ్యాంకోళ్లనుకున్నది.
కాదంటే కరెంటోళ్లనుకున్నది.
"మండలంల అన్నిటికంటె ఎత్తు జాగ ఇదే అవ్వా"
అని చెప్పిన,
బహుమానం ఇస్తున్నట్టు.

మోపు మీద మోకాలు పెట్టి తాడు బిగించింది ఆమె.
"గది కొత్త ముచ్చటా?
నలుగురన్నదమ్ములు పంచుకున్ననాడు
కుంట కింది మడి పెద్దాయనకు,
బాయి నడిపాయనకు,
సడక్ పొంటి ఉన్నది మూడో ఆయనకు.
చిన్నోడు గద,
మా ఆయనకు ఎత్తు పడ్డది.
వాన మొదలు నా మీదనే పడుతది.
పడి, నా ఎరువు గడుక్కొని
వాళ్ల చెలకలకు పోతది.
మీరు కొలిస్తె గాని తెలుస్తదా సారూ."

నిలబడి సుట్టుముట్టు చూసిన.
అవతలి మండలం పాలైన గుట్ట
ఈడికెంచి గూడ మా కంటె ఎత్తుగనే కనబడ్డది.
ఇటు పక్క మూడు బోర్ల మూతుల మీద మూడు బండలు.

సాబ్ సీసల నీళ్లిస్తె
ఎత్తి తాగి, మిగిలినయి
పొద మొదట్ల కుమ్మరించింది.
నీళ్లు జరసేపు ఆగినయి.
యే దిక్కు పల్లమో ఒడువక
వేళ్ల తీరుగ నాలుగు పాయలై
ఎండిన నేలల ఇంకినయి.

నోటుబుక్కు తీసిన.
"ఎక్కిన తేది" అన్న గడిల పెన్ను పెట్టి
పెట్టినట్టే ఉన్న.
ఎక్కింది ఏంది?
ముప్పై ఏండ్ల సంది ఎరువు తట్ట నెత్తిన పెట్టుకొని
దినాం ఎక్కింది ఆమె.

పొద్దు గూకినంక మోపు ఆమె నెత్తికెత్తినం.
గప్పుడు ఆ జాగ ఇంకో ఆరడుగులు పెరిగింది.
సాబ్ నవ్విండు, అంకె చెప్పలే.

తిరుగుబాటల ఆయన ఇంజను బంద్ చేసిండు.
కాళ్లు రెండు పక్కలకు చాపిండు.
ఒక్క చప్పుడు లేదు,
చెయిను టకటక తప్ప.
నీళ్లు పోయే తొవ్వెంబడి
బండి దానంతట అది
ఊరిదాంక దిగుతనే ఉన్నది.