విశ్వమంతటా

రాజాం బస్టాండు ఎదర నా జిరాక్స్ కొట్టు.
ఆధార్లు, అడంగళ్లు, అప్పుడప్పుడూ పోయినోళ్ల ఫొటోలు.
ఇవాళ లుకలాపు గంగులు తెచ్చిన కాగితాలు
పద్దెనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషే.
"సదివి సెప్పు బావు, ఏటి రాసినారో."
సంతకం మటుకు రెండేళ్ల కిందటే పెట్టేశాడు.

ఆవేళ మందల పక్కన మెట్టలో
పదహారు మంది, గుండెల మీద రేకు గుళ్లు కట్టి,
పొద్దుగూకేదాకా ఎగిరారట.
మనిషికి ఐదొందలు, పలావు పొట్లం.
కంపెనీ ఏ దేశానిదో అడగలేదు.
డ్రోనుకి బెదిరి రెండు గొర్రెలు ఈచుకుపోయాయి,
ఆ లెక్క ఎవరూ కట్టలేదు.

వేలు పెట్టి చదివాను:
ఈ చప్పుడు, ఈ ఆట, ఈ ముఖం,
ఇప్పుడున్న, ఇకముందు పుట్టబోయే అన్ని యంత్రాల్లోనూ
విశ్వమంతటా, ఎప్పటికీ, వాళ్లవే.

"ఇస్వమంటే?"
"చుక్కలు కూడా."
నవ్వాడు. "సుక్కల్లోన గొర్రిలుంటాయేటి?"

పలాస జీడిపప్పు ఓడెక్కాలంటే
తేమ చూస్తారు, గుండు వేరు, బద్ద వేరు, తూకం వేస్తారు.
ఎగశ్వాస తూచే కాటా
ఏ రేవులో ఉందో నాకు తెలీదు.
సర్కారు ఇచ్చిన కళాకారుడి కార్డు చూపించాడు.
వృత్తి దగ్గర సగమే అచ్చయింది: గుళ్లు.
పింఛనుకెళితే దేవాదాయ శాఖకి పొమ్మన్నారట.

కొట్లో టీవీలో కొరియా సీరియల్.
ఆ దేశపు ముసలమ్మ మనవడికి ముద్ద పెడుతూ
బెజవాడ తెలుగులో బతిమాలుతోంది.
గంగులు చూసి చూసి,
"ఇంత దూరమొచ్చింది గదా, మన్లాగ మాటాడదేటి?" అన్నాడు.
అవును. సముద్రాలు దాటిన సరుక్కి దారి దొరుకుతుంది.
మన 'ఏటి' ఒక్కటే
ఏ చెక్‌పోస్టు కాడో దిగబడిపోతుంది.

ఫోన్లో వెతికాను. బొమ్మ దొరికింది.
గంగులే. నోరు తెరిచి, కాలు గాల్లో,
వెనకాల మా మెట్ట ఎర్రగా, అంత అందంగా
నేనెప్పుడూ చూడలేదు.
నొక్కాను. తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు:
మీ ప్రాంతంలో ఇది అందుబాటులో లేదు.

ఇది మాత్రం శుభ్రమైన తెలుగులో ఉంది.
"ఏటన్నాది?"
సిగ్నల్ లేదన్నాను.

కాగితాలు దులిపి సంచిలో పెట్టబోయి ఆగాడు.
"వచ్చే మంగళవారం గంగమ్మ పండగ.
మరి మేం ఆడొచ్చా, ఆల్నడగాలా?"

జవాబు చెప్పబోయి
మళ్లీ పదకొండో పేజీ తిప్పాను.